మెట్ల కింద బుల్లెట్‌కు జాగా: డాలీ ఎట్లా ఎంచుకున్నానంటే

డాలీ (బండిని మీదికి ఎక్కించి జరుపుకునే చక్రాల చట్రం) కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కంట్లో పడేది బరువు. ఐదు వందల కిలోలు ఆపుతుంది, ఏడు వందల కిలోలు ఆపుతుంది అని పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటుంది. నా బండి 2021లో కొత్త ఇంజనుతో వచ్చిన క్లాసిక్ 350. పెట్రోలుతో కలిపి 195 కిలోలు. ఆ లెక్కన ఏ డాలీ కొన్నా సరిపోవాలి. నాకేమో అక్కడ కనపడ్డ వాటిలో ఒక్కటీ సరిపోలేదు. బరువు మోయడం ఎవరైనా మోస్తారు. మా ఇంటి నేల మీద తిరగాలి, దాని మీదికి నేనొక్కణ్నే బండి ఎక్కించాలి, ఎక్కించాక అడ్డంగా జరగాలి. ఈ సంగతులు ఆ ప్రకటనల్లో ఎక్కడా ఉండవు.

మాది నల్లగొండలో నూట ఇరవై గజాల ఇల్లు. పోర్టికో పదహారు అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు. అందులో ఒక వ్యాగన్ ఆర్, మా ఇంటామె యాక్టివా, నా బుల్లెట్. (కంపెనీ దానికి క్లాసిక్ అని పేరు పెట్టుకుంది గానీ మా దగ్గర అది బుల్లెట్టే.) వ్యాగన్ ఆర్ వెడల్పు 1620 మిల్లీమీటర్లు, అది కూడా పక్క అద్దాలు లెక్కలోకి తీసుకోకుండా. పోర్టికో వెడల్పులో నుంచి అది తీసేస్తే మిగిలేది 1275. బుల్లెట్ హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు 785. ఇక మిగిలింది 490, అంటే అడుగున్నర చిల్లర. అందులోనే కారు డోరు తెరవాలి, అమ్మ దిగాలి, యాక్టివా తీయాలి. అమ్మకు మోకాళ్ల నొప్పి. డోరు సగం తెరిచి ఒంగి దిగడం ఆమె వల్ల కాదు. వానాకాలం బుల్లెట్‌ను బయట రోడ్డు మీద పెట్టడం నా వల్ల కాదు.

ఇంట్లో వాడకుండా పడి ఉన్న జాగా ఒకటే, మెట్ల కింద. మెట్లు పోర్టికోకు ఎడమ పక్కన ఉన్నాయి. సగం మెట్లెక్కాక మలుపు తిరిగి మళ్లీ ఎక్కే రకం. ఆ రెండో వరుస మెట్ల కింద, గోడకూ పిల్లరుకూ మధ్య ఏడున్నర అడుగుల పొడవు, మూడడుగుల లోతు ఉంది. ఎత్తు తక్కువున్న చోట కూడా నాలుగు అడుగుల ఎనిమిది ఇంచులు. అప్పటిదాకా అక్కడ పాత కూలరు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్, ఒక విరిగిన మంచం పట్టె ఉండేవి. బుల్లెట్ పొడవు 2145 మిల్లీమీటర్లు, అంటే ఏడడుగుల అర ఇంచు. పొడవుకు పట్టింది, హ్యాండిల్‌తో కలిపి లోతుకు పట్టింది, అద్దాలతో కలిపి ఎత్తుకూ పట్టింది. చిక్కల్లా లోపలికి పోయే దారి దగ్గరే. అటు గోడ, ఇటు పిల్లరు. తెరిచి ఉన్నది ఒక్క పొడుగు పక్కనే. బండికి ముందుకు పోవడం, వెనక్కి రావడం తప్ప పక్కకు జరగడం రాదు కదా. అందుకే డాలీ.

నేల సంగతి ముందు చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు, నాకే పోర్టికో కడిగేటప్పుడు తట్టింది. నీళ్లు పోస్తే అవి తమంతట అవే గేటు దాకా పోతాయి. అంటే వాలు ఉంది. పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని పిలిచి లెవెల్ పైపు పెట్టించాను. సన్నటి పైపులో నీళ్లు నింపి ఒక కొస లోపల గోడకు, ఇంకో కొస గేటు దగ్గర పట్టుకుంటే రెండు వైపులా నీటి మట్టం ఒకటే ఉంటుంది. అక్కడి నుంచి నేల దాకా కొలిస్తే తేడా తేలుతుంది. పదహారు అడుగులకు మూడు ఇంచులు వచ్చింది. నీళ్లు పోవడానికి అంత వాలు కావాల్సిందే. కానీ బండి, డాలీ కలిపి రెండు వందల పాతిక కిలోలు అనుకుంటే, ఆ వాలు మీద మూడున్నర కిలోల బలం దాన్ని ఎప్పుడూ గేటు వైపు లాగుతూనే ఉంటుంది. మంచి బేరింగు చక్రాలు వేస్తే చిన్న తోపుకే కదిలి పోతుంది. చక్రం ఎంత బాగా తిరిగితే నాకు అంత భయం అన్నమాట.

నేల తాండూరు బండలు. రెండడుగుల బండలు, మధ్యలో సిమెంటు కీళ్లు. కట్టినప్పుడు కీళ్లు నిండుగానే ఉండేవి, కడిగి కడిగి ఇప్పుడు కొన్నిచోట్ల రెండు సూతులు, అంటే పావు ఇంచు లోతు పడ్డాయి. ఒక బండ మూల పక్కదాని కన్నా కొంచెం ఎత్తు లేచింది. ఇది చాలదన్నట్టు పోర్టికో నడుమ సంపు. దాని మీద ఇనుప రేకు మూత, చుట్టూ యాంగిల్ ఫ్రేము నేల మీదికి అర ఇంచు లేచి ఉంటుంది. నాలుగు చక్రాల డాలీ ఎగుడుదిగుడు నేల మీద పోయేటప్పుడు చాలాసార్లు మూడు చక్రాలే నేలను తాకుతాయి. అందుకే మొత్తం బరువును నాలుగుతో కాదు, మూడుతో భాగించుకోవాలి. 225ను మూడుతో భాగిస్తే చక్రానికి 75 కిలోలు. అంత బరువు ఒక్క బిందువు మీద పడితే సంపు మూత రేకు లోపలికి సొట్ట పోతుంది. పిల్లల దగ్గర సుద్దముక్క తీసుకుని, చక్రాలు పోయే దారి నేల మీద గీసి చూశాను. సంపు మూతను ఒక జానెడు దూరంలో తప్పించుకుని పోవచ్చని తేలింది. ఆ గీత లేకుండా నేను ఏ డాలీ కొన్నా చక్రం మూత మీదికే ఎక్కేది.

ఇక రకాలు. ఒకటి, ఒక్క చక్రం కింద పెట్టే చిన్న తొట్టి. ముందు చక్రం కిందనో వెనక చక్రం కిందనో పెడితే బండి ఆ కొస పక్కకు తిరుగుతుంది, రెండో కొస నేల మీదే ఉంటుంది. పెద్ద షెడ్డులో బండి మూతి తిప్పుకోవడానికి బాగుంటుంది. నా ఏడున్నర అడుగుల్లో మూతి తిప్పే జాగా ఎక్కడిది? రెండోది, నేల మీద గుండ్రంగా తిరిగే పళ్లెం. బండిని పూర్తిగా వెనక్కి తిప్పుతుంది, పక్కకు మాత్రం అంగుళం జరపదు. మూడోది సెంటర్ స్టాండు డాలీ. చక్రాలున్న చిన్న ప్లేటు, దాని మీద బండి సెంటర్ స్టాండు వేయాలి. చవకగా, చిన్నగా, అటక మీద దాచుకునేట్టు ఉంటుంది. దీని మీదే మనసు పడింది నాకు.

దాన్ని పక్కన పెట్టడానికి కారణం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది కొనేది ఇదే. సెంటర్ స్టాండు వేసినప్పుడు బుల్లెట్ వెనక చక్రం నేల నుంచి కొద్దిగా లేస్తుంది. ఆ కాస్త ఎత్తడానికే కాలితో స్టాండు తొక్కి, చేత్తో వెనక పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. ఇప్పుడు స్టాండు కాళ్లు నేల మీద కాకుండా రెండు ఇంచుల ఎత్తున్న ప్లేటు మీద ఉన్నాయనుకోండి. బండి టైర్లు మాత్రం నేల మీదే ఉన్నాయి. అప్పుడు మామూలుగా లేచే ఎత్తుకు ఆ రెండు ఇంచులూ కలుస్తాయి. రెండు వందల కిలోల బండిని అంత పైకి గుంజడం ఒక్క మనిషి పని కాదు. టైర్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు సమానం చేసుకోవచ్చంటారు. రోజూ కదపని బండికి అది సరే. నేను ఆదివారం ఆదివారం పానగల్ వైపో, సాగర్ రోడ్డు మీదో తిరిగేవాణ్ని. ప్రతిసారీ చెక్కలు పేర్చే ఓపిక నాకు లేదు.

మిగిలింది పొడుగు డాలీ. బండి పొడవునా కాలువలాంటి పట్టా, రెండు టైర్లూ దాని మీదికే ఎక్కుతాయి, స్టాండు వేసే ప్లేటు కూడా అదే ఎత్తులో ఉంటుంది. కాబట్టి స్టాండు వేయడానికి నేల మీద పడే శ్రమే ఇక్కడా. సైడ్ స్టాండు మీద నిలబెట్టేవి, సెంటర్ స్టాండు మీద నిలబెట్టేవి రెండు తీర్లున్నాయి. సైడ్ స్టాండు మీద బండి ఎడమకు వాలుతుంది, వాలిన మేర వెడల్పు పెరుగుతుంది. నాకున్నది మూడడుగుల లోతు, పైగా లోపలి గోడకు బోరు మోటారు స్టార్టర్ డబ్బా ఒకటి అర అడుగు ముందుకు ఉంది. కాబట్టి సెంటర్ స్టాండే. ఇంకో సంగతి, నేల మీదయితే హ్యాండిల్ ఒక పక్కకు తిప్పి లాక్ చేసి జాగా కలిసి వచ్చేట్టు చేస్తాం. కాలువ పట్టాలో ముందు టైరు అటూ ఇటూ తిరగదు. హ్యాండిల్ నిటారుగానే ఉంటుంది, 785కు 785 జాగా కావాల్సిందే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి స్టార్టర్ డబ్బాను పిల్లరు మీదికి మార్పించాను.

ఆన్‌లైన్‌లో దొరికే పొడుగు డాలీలు రెండు మూడు చూశాను. అన్నింటికీ నున్నటి నేల మీద తిరిగే చిన్న చిన్న చక్రాలు. కొన్నింటికి ఒక కొసన రెండు చక్రాలు దిశ మారకుండా నేరుగానే దొర్లేవి, రెండో కొసన రెండు ఎటంటే అటు తిరిగేవి. అట్లాంటిది ముందుకు వెనక్కి చక్కగా పోతుంది, అడ్డంగా పోదు. నాకు నాలుగూ తిరిగేవే ఉండాలి. దాంతో మన దగ్గరే చేయించుకోవడం మేలనిపించింది.

చక్రాల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ పోయాను. హైదరాబాద్‌లో వేరే పని కూడా ఉంది లెండి, ఒక్క చక్రాల కోసం వంద కిలోమీటర్లు ఎవరు పోతారు. క్యాస్టర్లు (సామాన్ల కింద బిగించే చక్రాలు) అమ్మే దుకాణంలో పెద్దాయన నేను బరువు చెప్పబోతుంటే ఆపి, "పహ్‌లే బోలో, ఫర్ష్ కైసా హై?" (ముందు చెప్పు, నేల ఎట్లాంటిది?) అన్నాడు. తాండూరు బండ, కీళ్లు, వాలు అన్నీ చెప్పాను. అప్పుడు లోపలి నుంచి నాలుగు తీర్ల చక్రాలు తెచ్చి గల్లా మీద పెట్టాడు.

పోత ఇనుముది బరువుకు రాజు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాల బండ్లకు ఇట్లాంటివే చూశాను. సిమెంటు నేల మీద అవి చేసే మోత తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బండల అంచులు కూడా పెచ్చులు లేపుతుంది. నైలాన్‌ది గట్టిగా, తేలిగ్గా దొర్లుతుంది. కానీ గట్టిదనమే దాని దోషం, కింద చిన్న కంకర రాయి అడ్డొస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. పోర్టికోలో కంకర రాయి దొరకని రోజు ఉండదు. మామూలు రబ్బరుది మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది. వారాల తరబడి బరువు కింద ఒకేచోట ఆగితే అడుగు చదునయ్యి, కదిలించేటప్పుడు మొదటి తోపుకు మొండికేస్తుంది. మే నెలలో మా దగ్గర 44, 45 డిగ్రీల ఎండ. ఎండకు రబ్బరు బిరుసెక్కి పగుళ్లు కూడా వస్తాయి. నాలుగోది పాలీయురెథేన్, దుకాణాల్లో పీయూ అంటారు. మధ్యలో గట్టి దిమ్మ, పైన పీయూ పొర. బండను గీకదు, నైలానంత మొండి కాదు, రబ్బరంత మెత్తనా కాదు. అదే తీసుకున్నాను.

సైజు దగ్గర చాలాసేపు ఆగాను. రెండు ఇంచుల చక్రం తీసుకుంటే డాలీ ఎత్తు తగ్గుతుంది, కానీ రెండు సూతుల కీలులో పడితే లేవడానికి అంత చిన్న చక్రం చాలా కష్టపడుతుంది. చక్రం ఎంత పెద్దదైతే అడ్డంకిని అంత సులువుగా ఎక్కి దిగుతుంది. నాలుగు ఇంచులదయితే నేల సమస్య తీరుతుంది, అది గుండ్రంగా తిరిగే జాగా మాత్రం ఎక్కువ కావాలి. తిరిగే చక్రం నడిమి మేకు కింద సరిగ్గా ఉండదు, కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. దిశ మారినప్పుడల్లా తోకలా చుట్టూ తిరుగుతుంది. ఆ తిరిగే వలయం హ్యాండిల్ వెడల్పు దాటితే లోపలి గోడకు చక్రమే ముందు తాకుతుంది. అందుకే మూడు ఇంచులది. రెండు వైపుల చక్రాల నడిమి దూరం రెండడుగులు పెట్టుకుంటే, అవి ఎటు తిరిగినా 740 మిల్లీమీటర్ల లోపలే ఉంటాయి. హ్యాండిల్ 785.

బ్రేకు గురించి పెద్దాయన చెప్పిన మాట డబ్బుకు సరిపోయింది. మామూలు బ్రేకు చక్రం దొర్లకుండా మాత్రమే ఆపుతుంది, పైన ఉన్న తల మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే బ్రేకు వేశాక కూడా డాలీ ఇంచో అర ఇంచో అటూ ఇటూ ఊగుతుంది. ఒకే మీట తొక్కితే చక్రాన్నీ తలనూ రెండింటినీ బిగించేది ఇంకోటి ఉంటుంది, దాన్ని టోటల్ బ్రేక్ అంటారు. వాలు నేల అన్నాను కాబట్టి నాలుగూ అవే ఇచ్చాడు. చక్రం ఒక్కోటి వంద కిలోల పైనే ఆపుతుంది. నాకు కావాల్సింది డెబ్భై ఐదు.

ఇక తయారీ. మిర్యాలగూడ రోడ్డులో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. మా ఇంటి గేటు కూడా అక్కడే చేయించాను. ఆ అన్న నేను కొలతలు వేసుకున్న కాగితం చూసి ముందు నవ్విండు.

"గింత దానికి లెక్కలెందుకన్నా? ఛానల్ ఒకటి కోసి నాలుగు చక్రాలు కొడితే అయిపాయె."

"ఛానల్ ఎన్ని ఇంచులది?"

"నాలుగు ఇంచులది."

"వెనక టైరు నూట ఇరవై ఎంఎం అన్నా. నాలుగించుల ఛానల్ల బయటి కొలతే వంద. టైరు ఎక్కడ పడ్తది?"

టేపు తీసి నా బండి టైరు తనే కొలిచిండు. ఆ తర్వాత కాగితం జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టిండు. ఆరించుల ఛానల్ వేస్తే టైరు పడుతుంది గానీ అది మీటరుకు పదహారు కిలోలు దాటుతుంది, డాలీయే ఎత్తలేనంత అవుతుంది. చివరికి నాలుగు ఎంఎం ప్లేటు నూట అరవై ఎంఎం వెడల్పు కోసి, రెండు అంచులకు 40×40×5 యాంగిల్ నిలబెట్టి వెల్డు చేయాలని అనుకున్నాం. పొడవు ఆరడుగులు. బండి రెండు చక్రాల నడిమి దూరం 1390 ఎంఎం. సెంటర్ స్టాండు వేసేటప్పుడు బండి మూడు నాలుగు ఇంచులు వెనక్కి జరుగుతుంది. అంత మేరకు వెనకా ముందూ మిగిలేట్టు పొడవు చూసుకున్నాం.

చక్రాలు పట్టా కిందనే బిగిస్తే పట్టా నేల నుంచి నాలుగించుల పైకి పోతుంది. దాని మీదికి బండి ఎక్కించాలంటే పొడుగు వాలు పలక కావాలి, అంత జాగా లేదు. అందుకని పట్టాను కిందికి దించి, చక్రాలను పక్కలకు చేతులు చాపి పెట్టాలి. పట్టా అడుగు నేలకు ముప్పావు ఇంచు ఎత్తులో ఉంటుంది. పక్క యాంగిల్ నుంచి పైకి ఒక ముక్క లేచి, అక్కడి నుంచి బయటికి చేయి పోతుంది, చక్రం దాని కింద వేలాడుతుంది. ఆ మూల దగ్గర బరువంతా విరిచేసేట్టు పడుతుంది కాబట్టి లోపల మూడు మూలల ప్లేటు ముక్క వేసి గట్టి చేశాడు. అది నా కాగితంలో లేదు, ఆయన సొంత తెలివి.

చేతులు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాత్రం ఇద్దరం వాదించుకున్నాం. ఆయన రెండు కొసలకూ అన్నాడు, చూడటానికి మంచం లెక్క చక్కగా ఉంటుందని. కానీ సెంటర్ స్టాండు మీద నిలబడ్డ బుల్లెట్ బరువులో ఎక్కువ పాలు స్టాండు కాళ్ల మీదే ఉంటుంది, ముందు చక్రం మీద కొంచెమే. ఆ బరువు పట్టా నడిమికి వెనకగా పడుతుంది. చేతులు కొసల్లో పెడితే నడుమ వంగి, ముప్పావు ఇంచు ఎత్తు కాస్తా నేలకు రాసుకునే ప్రమాదం ఉంది. వెనక చేతులను స్టాండుకు అడుగు వెనక్కి తెచ్చాం. మరీ స్టాండు పక్కనే పెడితే తొక్కే కాలికి అడ్డం వస్తాయి.

దీంతో కోరకుండానే ఒక లాభం వచ్చింది. వెనక చేతుల తర్వాత పట్టా ఇంకో అడుగు దాకా బయటికి ఉంది. బండి ముందు టైరు ఆ తోక మీదికి ఎక్కగానే డాలీ వెనక్కి తూగి తోక నేలకు ఆనుతుంది, అదే వాలు పలక. టైరు వెనక చేతులు దాటగానే డాలీ మళ్లీ సమానమవుతుంది. షాపులో మొదటిసారి బండి ఎక్కించినప్పుడు డాలీ తూగడం చూసి ఆయన "ఇది ఆగదన్నా" అన్నాడు, అది సమానమయ్యాక "మంచిగనే ఉంది" అన్నాడు. తూగేటప్పుడు ముందు చక్రాలు నేల నుంచి లేస్తాయి కాబట్టి డాలీ ముందుకు జారకుండా ముందు కొసను గోడకు ఆనించి పెట్టాలి. గోడకూ దానికీ మధ్య పాత టైరు ముక్క.

స్టాండు పడే చోట పక్క యాంగిళ్లు కోసేసి, ఐదు ఎంఎం ప్లేటు అడుగున్నర వెడల్పున వేశాడు. కోసిన చోట పట్టా బలం తగ్గుతుంది కాబట్టి ఆ ప్లేటు కింద అడ్డంగా పట్టీ ఒకటి. స్టాండు కాళ్లు జారకుండా ప్లేటు అంచున చిన్న కడ్డీ. గ్రైండింగ్, రెడాక్సైడ్, మీద నల్ల రంగు. డాలీ ముప్పై కిలోలు తూగింది. చక్రాలతో, ఇనుముతో, కూలితో కలిపి ఆరు వేల చిల్లర.

వాడే తీరు చెప్తాను. కారు బయట ఉన్నప్పుడే ఈ పని పెట్టుకుంటాను. డాలీని మెట్ల పక్కన పోర్టికోలో పొడుగ్గా పెట్టి నాలుగు బ్రేకులూ తొక్కుతాను. ఇంజను ఆపి బండిని తోసుకుంటూ ఎక్కిస్తాను. సెంటర్ స్టాండు వేసేటప్పుడు బండి వెనక్కి జరుగుతుందన్నాను కదా, ఆ తోపు డాలీ మీద కూడా పడుతుంది. బ్రేకు ఒక్కటి వేయకపోయినా తెలుస్తుంది. తర్వాత ముందు చక్రాన్ని పట్టాకు రాచెట్ బెల్టుతో బిగిస్తాను. దీన్ని చాదస్తం అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది కారు సీటు బెల్టు కన్నా అవసరమనిపిస్తుంది. అడ్డంగా జరిపేటప్పుడు ఏదైనా చక్రం కీలులో ఆగితే డాలీ టక్కున ఆగుతుంది, పైనున్న బండి ఆగదు.

అదే కారణానికి హ్యాండిల్ పట్టుకుని గానీ సీటు మీద చేయి వేసి గానీ నెట్టకూడదు. ఎంత పైన నెడితే అంత తలకిందులయ్యే బలం. నెట్టేది డాలీనే, బండిని కాదు. కారు వైపున్న రెండు చేతులకూ కన్నాలు వేయించాను. మొన కొక్కెంలా వంచిన మూడడుగుల కడ్డీ ఒకటి ఉంది. లోపలికి పంపేటప్పుడు దాంతోనే తోస్తాను, బయటికి తీసేటప్పుడు దాంతోనే గుంజుతాను. నడుం వంచక్కర్లేదు.

వాలు తన పని తాను చేసుకుంటుంది. అడ్డంగా తోస్తుంటే డాలీ మెల్లమెల్లగా గేటు వైపు, అంటే పిల్లరు వైపు జారుతుంది. నాలుగూ తిరిగే చక్రాలైతే ఇది తప్పదు. నేల మీద పిల్లరుకు ఇవతల నుంచి లోపలి గోడ దాకా ఒక చెక్క బద్దె పరిచి బోల్టులు కొట్టించాను. డాలీ తోక దానికి రాసుకుంటూ పోతుంది. తోకకు సైకిలు ట్యూబు ముక్క చుట్టాను, చప్పుడు లేదు. లోపల పెట్టాక నాలుగు బ్రేకులూ తొక్కడం, బద్దె ఒకటి ఆనుకుని ఉండటం, రెండూ ఉన్నాయి కాబట్టి పిల్లలు మెట్ల కింద దాగుడుమూతలు ఆడినా గుండె గుబేల్‌మనదు. అసలు ఆడొద్దని చెప్పాను, వింటే కదా.

అమ్మ ఇప్పుడు కారు డోరు పూర్తిగా తెరిచి దిగుతుంది. మెట్ల కింద బుల్లెట్ చూసి చుట్టాలు "ఇది లోపలికెట్ల పోయింది" అని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్లకూ బయటికి తీసి చూపించే సరదా మొదట్లో ఉండేది, ఇప్పుడు తగ్గింది. చక్రాల ఇరుసులకు వెంట్రుకలు, చీపురు పుల్లలు చుట్టుకుంటాయి. అప్పుడప్పుడు తీసేసి రెండు చుక్కల నూనె వేయాలి. చేసేది అంతే.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా బామ్మర్ది ఫొటోలు చూసి "బావా, ఆ కొలతలు పంపు, నేనూ చేయించుకుంట" అన్నాడు. వాడిది డ్యూక్, దానికి సెంటర్ స్టాండు లేదు. నా డాలీ మీద అది నిలబడనే నిలబడదు. వాడి బండికి సైడ్ స్టాండు పడే చోట ఎడమ పక్కకు ప్లేటు పొడిగించాలి. బరువు ఎడమకు వాలుతుంది కాబట్టి ఆ పక్క చక్రాలు ఇంకా బయటికి రావాలి, అంటే వెడల్పు పెరుగుతుంది. లేదంటే వెనక చక్రాన్ని ఎత్తే ప్యాడాక్ స్టాండును డాలీకే వెల్డు చేయించాలి. వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లారులో నేల గరుకు పార్కింగ్ టైల్స్. ఒక్కో టైలుకు గళ్లు గళ్లుగా గాడులు. దాని మీద మూడించుల చక్రం గడగడలాడుతుంది, నాలుగించులది కావాలి. "కొలతలు తర్వాత, ముందు మీ సెల్లారు నేల ఫొటో తీసి పంపు, టేపు పక్కన పెట్టి తియ్యి" అన్నాను. పంపాడు, టేపు లేకుండా.